నాతవరం రోడ్డు మీద ఎర్ర కార్లు

పోయిన నెల చుట్టాలింటికి పలకరింపుకి వెళ్ళి నర్సీపట్నం రోడ్డు మీద తిరిగొస్తుంటే, కశింకోట ఇంకా రాకముందే ఎదురుగా ఒక ఎర్ర కారు వచ్చింది. దూరం నుంచే గుర్తుపట్టాను. ముక్కు కిందకి వంచి, వెనక భాగం కాస్త పైకెత్తి, దూకబోయే కోడిపుంజులా ఉంటుంది ఆ బండి. అంతే, నా చెయ్యి నా మాట వినలేదు. రెండుసార్లు లైట్లు కొట్టి, అరచెయ్యి తెరిచి ముందు అద్దానికి ఆనించాను. ఆ కారు తోలుతున్న కుర్రాడు కంగారుపడి బండి పక్కకి తీసి ఆపేశాడు. నేనూ ఆపాల్సి వచ్చింది. పరుగున వచ్చి, "ఏటాంటీ, నా బండిలోంచి ఏటైనా కారతందేటి?" అని అడిగాడు. "ఏం లేదు బాబూ, బండి బాగుందని" అన్నాను. వాడు తల గోక్కుని, "ఇంత పాతది ఎందుకు కొన్నావురా అని మా ఫ్రెండ్సందరూ నవ్వుతన్నారాంటీ" అన్నాడు. "నవ్వుకోనియ్, నీకేం పోయింది" అని వచ్చేశాను. ఇంటికొచ్చేదాకా కళ్ళు మండుతూనే ఉన్నాయి.

ఎదురుపడితే అలా అద్దానికి చెయ్యి ఆనించి పలకరించుకోవడం మా నలుగురి పద్ధతి. అనకాపల్లిలో ఆ కారు ఉన్నది నలుగురికే. నేను, దానియేలు మాస్టారు, బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే శంకరం, కొండకర్లలో చెరకు పండించే అప్పలనాయుడు. ఆ కారు పేరు రాయను. కంపెనీ వాళ్ళే దాన్ని మర్చిపోయారు, నేను గుర్తుచేసి ఎవరిని ఉద్ధరించాలి? సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులు. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకునే కుర్రకారు కోసం తయారుచేసిన బండి అది. ఒళ్ళు చిన్నది, ఇంజను పెద్దది. చెరకు ట్రాక్టర్లూ బెల్లం లారీలూ తిరిగే మా ఊరికి ఏమాత్రం నప్పని సరుకు. విశాఖపట్నం షోరూములో ఆ ఏడాది ఎర్రవి తప్ప మరో రంగు రాలేదట. అందుకని మా నాలుగూ ఎర్రవే. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని 'ఎర్రకార్ల బేచీ' అనేవారు. అందులో కాస్త వెటకారం ఉండేది. ఉంటే ఉండనీ, మాకు గర్వంగానే ఉండేది.

నేనప్పుడు రావికమతం జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్‌ని. బస్సుల్లో నిలబడి నిలబడి నడుం విరిగి, బేంకు వాళ్ళ కాళ్ళు పట్టుకుని ఆ కారు తెచ్చుకున్నాను. తెచ్చిన రోజు మా నాన్నమ్మ గుమ్మంలోంచి దిగలేదు. తలుపు చెక్కకి ఆనుకుని కారుని కిందనుంచి పైకి చూసి, "ఏటే ఎస్తేరూ, ఇంత బతుకూ బతికి నేలమీద డేకీ బండి తెచ్చేవు? దీన్లో కూకుంటే గేదెలు మనకన్నా ఎత్తుగా కనపడవేటి?" అంది. ఆదివారం వచ్చేసరికి మాత్రం తెల్ల చీర ఇస్త్రీ చేయించుకుని, కొబ్బరినూనె రాసి జుట్టు బిగించి ముడేసుకుని, అందరికన్నా ముందు అందులో కూర్చుంది. చర్చి ముందు దిగేటప్పుడు ఎవరైనా చూస్తున్నారా లేదా అని నాలుగు పక్కలా చూసుకుని మరీ దిగింది. మా ఇంట్లో ఆదివారం పొద్దున్న వాసన ఇప్పటికీ నాకు తెలుసు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గుల వేడి, కాఫీ డికాషను, చర్చి నుంచి వచ్చాక వండడానికి పసుపూ ఉప్పూ పట్టించి ఉంచిన కొర్రమీను ముక్కలు. వీటన్నిటి మీదా వీధి మొత్తం పరుచుకుని ఉండే బెల్లం వాసన. ఆ బెల్లం వాసన ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలీదు. ఊరు దాటి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

దానియేలు మాస్టారు నాకు స్పీడుబ్రేకరు దగ్గర పరిచయమయ్యారు. మా కారు పొట్ట నేలకి మరీ దగ్గర. మా ఊరి స్పీడుబ్రేకర్లేమో ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న మట్టిగట్లు. కొత్తలో ఒకరోజు దాని మీదకి ఎక్కించి దిగలేక, పొట్ట కింద గరగరలాడుతుంటే, చుట్టూ జనం వినోదం చూస్తుంటే, ఏడుపొక్కటే తక్కువ నాకు. వెనక మరో ఎర్ర కారు ఆగింది. అందులోంచి తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, అరవై దాటిన సన్నటి మనిషి దిగారు. "అమ్మాయ్, నిటారుగా ఎక్కకూడదు. ఏటవాలుగా రా. ఒక చక్రం ఎక్కి దిగేక రెండోది. త్రిభుజంలో కర్ణం మీద నడిచినట్టన్నమాట" అన్నారు. లెక్కల మాస్టారని అప్పుడే తెలిసిపోయింది. మీరీ వయసులో ఈ కుర్రకారు బండి ఎందుకు కొన్నారు మాస్టారూ అని తర్వాతెప్పుడో అడిగాను. "నలభై ఏళ్ళు సైకిలు తొక్కేనమ్మా. మిగిలిన ప్రయాణమైనా జోరుగా చేద్దామని" అన్నారు. భార్య పోయారు, కూతురు భిలాయ్‌లో. ఇంట్లో ఆయన, రేడియో, ఆ కారు.

నాయుడూ శంకరం అప్పటికే ఆయన మనుషులు. ఇద్దరూ ఒకప్పుడు ఆయన దగ్గర లెక్కలు తప్పినవాళ్ళే. నాయుడు ఆరడుగుల మనిషి. ఆ చిన్న కారులో మడిచి పెట్టినట్టు కూర్చునేవాడు. వాళ్ళావిడకి ఆ బండంటే ఒళ్ళుమంట. "ఓ దూడ పట్టదు, ఓ గడ్డిమోపు పట్టదు. దీన్నేటి సేసుకుంతారు?" అనేది. "నేను పడతన్నాను కదే, సాల్దా?" అనేవాడు నాయుడు. శంకరం గుండ్రటి మనిషి, గుండ్రటి మాట. ఎదుటివాడికి ఎక్కడైనా నొప్పి తగులుతుందేమోనని మాటని నాలుగు చుట్లు తిప్పి చెప్పేవాడు. శనివారం సాయంత్రాలు నాలుగు కార్లూ కొండకర్లలో నాయుడి పంపుసెట్టు దగ్గరకి చేరేవి. పంపు నీళ్ళతో కార్లు కడగడం అనేది పేరుకి. అసలు పని కబుర్లు. టైర్లలో గాలి ఎంత ఉండాలన్న దాని మీద శంకరమూ నాయుడూ, పెళ్ళాం తరఫు వాళ్ళూ మొగుడి తరఫు వాళ్ళలా దెబ్బలాడుకునేవారు. నాయుడి తల్లి ఉప్పుచేప కాల్చి, చోడి అంబలి చెంబులో పోసి పంపేది. అక్కడినుంచి చూస్తే ఆవ చెరువులో తాటిదోనెలు ఒడ్డుకి వస్తుండేవి. నీటికోళ్ళు గోల చేసేవి. బండి గురించి మాట్లాడుతూ మొదలుపెట్టి బతుకు గురించి మాట్లాడుతూ లేచేవాళ్ళం. నలుగురిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆ సంగతి నాకు గానీ వాళ్ళకి గానీ ఒక్కసారీ గుర్తు రాలేదు. ఇంత పెద్ద మాట నా జీవితంలో మరే గుంపు గురించీ అనలేను.

మాస్టారు మాత్రం శనివారం పెందరాళే లేచి వెళ్ళిపోయేవారు. ఆదివారం చీకటితోనే ఆయన నాతవరం వెళ్ళాలి. నాతవరానికి అవతల, పొలాల మధ్య ఓ చిన్న ఊళ్ళో, పెంకుటింట్లో ప్రార్థన జరిగేది. పాస్టరు లేడు. కూలి పనులు చేసుకునే పది పన్నెండు కుటుంబాలు. మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పక్క బడిలో పనిచేశారు. ఒక ఆదివారం ఎవరో రమ్మంటే వెళ్ళి వాక్యం చదివారు. ఆ తర్వాత మానలేదు. అనకాపల్లికి బదిలీ అయి వచ్చాక కూడా, బస్సులో నర్సీపట్నం వెళ్ళి, అక్కడ తెలిసినవాళ్ళింట్లో పెట్టుకున్న సైకిలు మీద వెళ్ళేవారట. ఆయన కారు కొన్నది మా అందరిలా సరదాకి కాదు, ఆ దారి కోసం. ప్రార్థన అయ్యాక అక్కడి పిల్లలకి ఓ గంట లెక్కలు చెప్పి, వాళ్ళు పెట్టినది తిని వచ్చేవారు. "నేను వెళ్ళకపోతే వాళ్ళు చాప పరుచుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటారమ్మా. మాస్టారికి ఆలస్యమయిందనుకుంటారు గానీ రాలేదనుకోరు" అనేవారు. ఇంకో సంగతి, ఆయన ఎవరి బండీ ఎక్కేవారు కాదు. సైకిలు రోజుల్లోనూ ఒకరి వెనక కూర్చోలేదట. ఎవరినీ ఏదీ అడగని మనిషి. అడక్కుండా ఇచ్చినా పుచ్చుకోని మనిషి.

మా కార్ల తాళాలకి ఒక రోగం ఉండేది. వాడగా వాడగా అరిగిపోయి, ఒకరి తాళంచెవి ఇంకొకరి కారుకి పట్టేసేది. అది మాకు పెద్ద తమాషా. శంకరం మేనకోడలి పెళ్ళిలో కల్యాణమంటపం బయట నాలుగు ఎర్ర కార్లూ వరసగా పెట్టాం. కొత్త పెళ్ళికొడుకు వైపు వాళ్ళు అది శంకరం చేసిన ఏర్పాటనుకుని మురిసిపోయారు. భోజనాలయ్యాయి. చెరకు కోతకి మనుషులొచ్చే వేళయిందని నాయుడు హడావిడిగా వెళ్ళిపోయాడు. కాసేపటికి మాస్టారు బయటికి వచ్చి, తన కారులో కూర్చుని, సీటు వెనక్కి ఎందుకుందా అని చూసుకుంటే, ముందు డబ్బాలో బీడీకట్ట, తువ్వాలూ కనిపించాయి. అది నాయుడి కారు. మేమందరం పడీ పడీ నవ్వాం. మాస్టారు నవ్వలేదు. ముఖం పాలిపోయింది. "నాయుడికి ఫోన్ చెయ్యమ్మా, వెంటనే వెనక్కి రమ్మను" అన్నారు. అంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు.

నాయుడు వచ్చి కారు ఇచ్చేశాడు గానీ, మనిషి ఎప్పటిలా లేడు. మాస్టారు వెళ్ళేదాకా ఆగి, నన్నూ శంకరాన్నీ మంటపం వెనక్కి పిలిచాడు. "మోకాళ్ళు స్టీరింగుకి తగుల్తంటే పెళ్ళిబోయనం ఎక్కువయిపోనాదనుకున్నాను సెల్లెమ్మా. సగం దూరం ఎల్లేక సూత్తే, ముందద్దం మీద దెబ్బలకేసే పలాస్తర్లు అంటించున్నాయి. ఎడం పక్క అంచుకొకటి, నడిమద్దిలో ఒకటి. ఇదేటి బాబూ అని దిగి సూసేను. ఎడం పక్క తలుపులు రెండూ గీసుకుపోయి ఉన్నాయి. గీతలకి ఏదో రంగు పూసీసేడు మాస్టారు. గోటితో గీకితే లేసొచ్చింది. ఆడోళ్ళు గోళ్ళకి ఎట్టుకుంతారే, ఆ రంగు." అంతకు నెల క్రితమే ఫేన్సీ షాపులో ఎర్ర గోళ్ళరంగు సీసాలు కొంటున్న మాస్టారిని చూసి, మనవరాలికి కాబోలనుకుని ముచ్చటపడ్డాను. నాయుడు మెల్లగా అన్నాడు, "ఆయనకి ఎడం కన్ను కనపడ్డం నేదు. ఆ పలాస్తర్ల మద్దిన రోడ్డు ఎట్టుకుని తోలుకెల్లిపోతన్నాడు."

ఆ మాట విన్నాక మాకు నిద్రపట్టలేదు. ఆదివారం చీకట్లో, నర్సీపట్నం రోడ్డు మీద, లైట్లు లేని చెరకు ట్రాక్టర్ల మధ్య, ఒంటి కంటితో ఆయన. కారు మానెయ్యమంటే మానేస్తారు, ఇంకొకరి ప్రాణం మీదకి తెస్తున్నానని తెలిస్తే తప్పకుండా మానేస్తారు. కానీ ఎవరి బండీ ఎక్కరు కాబట్టి నాతవరం కూడా ఆగిపోతుంది. నాతవరం ఆగిపోతే ఆ మనిషి ఎన్నాళ్ళుంటారు? కారు ఆపాలి, దారి ఆగకూడదు. మా ముగ్గురికీ అదే బెంగ పట్టుకుంది.

మొదట శంకరం వెళ్ళాడు. వెళ్ళి రెండు గంటలు కూర్చుని, తన మావగారి కళ్ళ గురించీ, దేశంలో పెరిగిపోతున్న ట్రాఫిక్ గురించీ, ఆకుకూరల గుణాల గురించీ మాట్లాడి, అసలు మాట తప్ప అన్నీ చెప్పి వచ్చాడు. "ఏం మనిషివయ్యా!" అని నేను కసురుకుని, నేనే వెళ్ళాను. నాకు చుట్టు తిప్పడం రాదు. "మాస్టారూ, మీ ఎడమ కన్ను డాక్టరుకి చూపించారా?" అని అడిగేశాను. "చూపించేను. నరం ఎండిపోయిందన్నారు. ఇంక రాదు. అయితే కుడి కన్ను శుభ్రంగా ఉంది. డ్రైవరు సీటూ కుడి పక్కే, ఎదురొచ్చే బళ్ళూ కుడి పక్కే. ఎడమ పక్క ఏముందమ్మా, తుప్పలే కదా" అన్నారు. లెక్క ప్రకారం చూస్తే తప్పు పట్టడానికి లేదు. నాకు కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. "ఆ తుప్పల పక్కనుంచే మనుషులు నడుస్తారు మాస్టారూ" అన్నాను. నేను గుమ్మం దిగుతుంటే, "ఆదివారం పిల్లలకి భిన్నాలు చెప్తానన్నాను" అన్నారు, నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు.

ఉపాయం నాయుడిది. కార్లున్నవాళ్ళకి తప్ప మరొకరికి తట్టదు. అరిగిన ఇంజను లోపల తొలిపించి బోరు చేయిస్తే కొత్తలో దాన్ని తొక్కి తోలకూడదు. దూరం బాట, నెమ్మదిగా, ఒకే వేగంతో తోలి కుదురుకోనివ్వాలి. పక్కన చెవి ఉన్న మనిషి కూర్చుని శబ్దం వింటూ ఉంటే మరీ మంచిది. ఆ ఆదివారం తెల్లవారకముందే నాయుడు మాస్టారి గేటు ముందు కారు ఆపి, "మాస్టారూ, ఇంజను బోరు సేయించేను. దూరం తోలమన్నారు. ఎటెల్లాలో తెలక ఇటొచ్చేను. కూకుని ఆ సవుండేదో కాసింత సూసి పెడుదురూ" అన్నాడట. బండికి అవసరమంటే కాదనగల మనిషి కాదు మాస్టారు. తన జీవితంలో మొదటిసారి ఎడమ పక్క సీట్లో కూర్చున్నారు. నాతవరం దాకా కళ్ళు మూసుకుని ఇంజను విన్నారు. "బాగుంది. అయినా ఒకసారితో కుదరదు" అన్నారట దిగుతూ. ఆ మాటకి నాయుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి, "సెల్లెమ్మా, ఒడ్డున పడ్డాం" అని నాన్నమ్మ చేతిలోంచి పకోడీల పళ్ళెం లాగేసుకున్నాడు.

పై ఆదివారం శంకరం వెళ్ళాడు. అతనిదీ బోరే. ఆపై వారం నేను వెళ్ళాను. నాదీ బోరే! ఇంకో అబద్ధం కూడా తట్టని మొద్దులం ముగ్గురం. నా పక్కన కూర్చుని మాస్టారు మాకవరపాలెం దాకా ఇంజను విన్నారు. తెల్లవారుతోంది. పొలాల మీద మంచు, దారి పక్కన చల్దన్నం గిన్నెలతో కూలి జనం. "ఎస్తేరూ" అన్నారు. "ఒకే ఊళ్ళో, ఒకే నెలలో, ఒకే రకం కార్లు మూడింటికి ఇంజను పాడయింది. నాలుగోది మాత్రం నిక్షేపంగా ఉంది. దీని సంభావ్యత ఎంతంటావు?" నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. ఆయనే అన్నారు, "నాయుడి ఇంజనులో ఏమీ లేదని కశింకోట దాటకముందే తెలిసిపోయింది. కన్ను పోయింది గాని చెవులున్నాయి కదా." మరి ఎందుకు ఎక్కారని అడిగాను. "వాడు అబద్ధం ఆడుతూ చెమటలు కక్కేడమ్మా. బళ్ళో లెక్క తప్పినప్పుడు కూడా అంత భయపడలేదు. నా కోసం అంత కష్టపడుతున్నవాణ్ణి చూసి, ఎక్కకుండా ఎలా ఉండేది?" అన్నారు. మిగతా దారంతా నేను ఏడుస్తూనే తోలాను. ఆయన మాత్రం స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా, "ఏటవాలుగా" అంటూ వచ్చారు.

ఆ తర్వాత ఎవరూ బోరు మాట ఎత్తలేదు. వంతులు మాత్రం నడిచాయి. రాసుకున్నది లేదు, పోట్లాడుకున్నది లేదు. ఒకరికి పనిపడితే ఇంకొకరు. మాస్టారి కారు మీద టార్పాలిన్ కప్పి పెరట్లో పెట్టారు. కంపెనీ ఆ మోడలు ఆపేసి సామాన్లు దొరకడం మానేశాక, అందులోంచి ఒక్కొక్కటీ విప్పుకోమని ఆయనే పిలిచి ఇచ్చేవారు. ప్రార్థన వేళ శంకరం మొదట్లో బయట వేపచెట్టు కింద కారులో కూర్చుని పేపరు చదువుకునేవాడు. తర్వాత అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించడం మొదలుపెట్టాడు. విగ్రహాల ఇంట్లో పుట్టినవాడు, విభూది పెట్టుకునే వచ్చేవాడు, ఎవరూ ఏమీ అనుకోలేదు. నాయుడైతే అక్కడి ఆడవాళ్ళకి చెరకుగడలు పంచి, "మీ దేముడికి తీపి ఇట్టమేనా?" అని అడిగి తిట్లు తినేవాడు. మాస్టారు నెమ్మదిగా రెండో కన్ను కూడా పోగొట్టుకున్నారు. అయినా సీట్లో కూర్చుని దారంతా చెప్పేవారు. ఇదిగో తాళ్ళపాలెం, ఇక్కడ సంతకి ఎడ్లొస్తాయి, నెమ్మది. ఇదిగో చింతచెట్ల వరస, చల్లగా తగిలింది చూడు. కళ్ళున్న నాకు ఆ రోడ్డు చూపించింది ఆయన.

ఇప్పటి సంగతి కూడా చెప్పేయాలి కదా. నా దగ్గరున్న కారు తెల్లది, ఎత్తుగా ఉంటుంది, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది, గీత దాటితే కుయ్ కుయ్ మంటుంది. పక్కన మనిషి అవసరం లేకుండా చేశారు. ఇదే కారున్నవాళ్ళు మా వీధిలోనే అయిదారుగురు. ఒకరి పేరు ఒకరికి తెలీదు, పార్కింగు దగ్గర మొహాలు తిప్పుకుంటాం. ఫోనులో ఈ తెల్ల కారు ఓనర్ల గ్రూపు ఒకటుంది, అందులో నన్ను ఎవరో చేర్చారు. రోజంతా మైలేజీ గోల. ఒక్కసారైనా ఎవరూ, మా ఇంటికి రండి అంబలి తాగుదాం అనలేదు. నాయుడు కొండకర్ల విడిచి పెద్దకొడుకు దగ్గర గాజువాకలో ఉంటున్నాడు, మోకాళ్ళు పనిచెయ్యవు. శంకరం పోయి మూడో ఏడు. ఎర్ర కార్లు ఏ తుక్కు దుకాణంలో కలిసిపోయాయో. నాకు ఆ రోజులు కావాలనిపిస్తుంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, కారు కాదు, ఎవరో ఒకరు నా కోసం పొద్దున్నే గేటు ముందుకొచ్చి చేతకాని అబద్ధం ఆడితే బాగుండుననిపిస్తుంది. కార్లు తుక్కయిన సంగతితో దీన్ని ముగించడం నాకిష్టం లేదు. అందుకని వెనక్కి వెళ్ళి, ఆ ఒక్క ఆదివారం గురించి చెప్పి ఆపుతాను.

మాస్టారు ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి పడుక్కుని లేవలేదు. కూతురు వచ్చింది, మట్టి చేశాం, నాతవరం వాళ్ళు లారీ కట్టించుకుని వచ్చి ఏడ్చి వెళ్ళారు. ఆదివారం ఎప్పటిలా నాలుగున్నరకి మెలకువ వచ్చింది. వంతు నాది కాదు. అసలు వంతే లేదు. నాన్నమ్మ కూడా లేచి కాఫీ పెట్టింది. కారు తీసుకుని మాస్టారింటికి వెళ్ళాను. గేటుకి తాళం వేసి ఉంది. గేటు ముందు శంకరం కారు. వెనకాల లైట్లు పడితే తిరిగి చూశాను, నాయుడు. ముగ్గురం దిగి నిలబడ్డాం. చివరికి నాయుడే, "ఆల్లు సాప ఏసుకుని కూకుంతారు సెల్లెమ్మా" అన్నాడు. శంకరం తన కారు తలుపు తీశాడు. నాయుడు ముందున్న మాస్టారి సీటు దాకా వెళ్ళి, చెయ్యి వేసి, మళ్ళీ తీసేసి, వెనక సీట్లోకి వచ్చి నా పక్కన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. అలాగే గంటన్నర వెళ్ళాం. దారి చెప్పేవాళ్ళు లేరు.

పెంకుటిల్లు తెరిచే ఉంది. చాప పరిచి ఉంది. అందరూ వచ్చి కూర్చుని ఉన్నారు, పిల్లలు పలకలతో సహా. గుమ్మం దగ్గరున్న ముసలమ్మ మమ్మల్ని చూసి లేచింది. "మాస్టారు నేరు కదమ్మా, మరెందుకొచ్చేరు?" అంది. "మీరెందుకు తలుపు తీశారు?" అన్నాను. ఆవిడ కొంగుతో చాప మీద దుమ్ము దులిపి, పక్కకి జరిగి, "ఇలా కూకోండి" అంది. ముగ్గురం కూర్చున్నాం. మొదలుపెట్టడం ఎవరికీ తెలీదు. అందరం అలా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.